అత్తమ్మ మొహం ఆరలేదు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మీద బల్లి పడితే దులుపుకొని పోయే మనిషిని. ఈ సంగతి చెబితే పోయేది నా పరువే. అయినా చెబుతాను.

పిల్లలు హాస్టల్‌కు పోయాక పొద్దుపోక ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టాను. పులివెందుల నుంచి డ్రాయింగు సారు ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చి నేర్పేవాడు. పాతకాలం బొమ్మ ఎదురుగా పెట్టుకొని, ఉన్నదున్నట్టు దించాలి. నాకు పెళ్లికూతురిని ముస్తాబు చేసే ఆడవాళ్ల బొమ్మ ఇచ్చాడు. అందులో జడ వేస్తున్న పెద్దావిడ ఉంది.

మా ఆయన ఆమెను చూపించి, "ఈడ మా యమ్మ మొగం పెట్టు" అన్నాడు.

అత్తమ్మ నేను కాపురానికి రాకముందే పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. ఓటరు కార్డులో కూడా కదిలిపోయి, మొహం ఉండాల్సిన చోట మబ్బు ఉంది. పెద్దలకు పెట్టుకునే రోజున మా ఆయన దండ తెచ్చి, పటం లేక వట్టి మేకుకే తగిలిస్తాడు. ఈసారైనా ఆ మేకుకు పటం ఉండాలనుకున్నాను.

ఆయన పక్కన కూర్చొని ముక్కు, పుట్టుమచ్చ చెబుతుంటే వేశాను. కుదిరింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

పొద్దున చూస్తే మొహం చెదిరిపోయి ఉంది. తుడిచి మళ్లీ వేశాను. మళ్లీ అంతే. గదికి తాళం వేశాను, మాకు పిల్లి కూడా లేదు. అదే రంగు, అదే పూట పెళ్లికూతురి బుగ్గకూ వేశాను. ఆ బుగ్గ శుభ్రంగా ఆరింది. అత్తమ్మ మాత్రం ఆరలేదు.

"నూనె ఎక్కువ పోసింటావులేమ్మా" అని సారు తానే రంగు కలిపి వేసిపోయాడు. మర్నాడు వచ్చి చూసుకున్నాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. బస్సులు సరిగా లేవట.

జమ్మలమడుగు నుంచి మా ఆడబిడ్డ వచ్చి, సంగతి విని పడీపడీ నవ్వింది. "మా యమ్మతో యాడ గెలుస్తావమ్మే? నా పెండ్లిలో కాళ్లు పట్టుకున్నా ఫొటోకు నిలబడలా. కొంగు అడ్డం పెట్టుకొని లోపలికి పాయె."

నేను మొహం మొత్తానికి కొంగు అడ్డం వేశాను. చక్కగా ఆరింది. మా ఆయన మేకుకు పటం తగిలించి, దండ వేసి, "అచ్చం మా యమ్మే" అన్నాడు. ఈసారి నేనూ ఏడ్చాను.

తర్వాత కొన్నాళ్లకు దుమ్ము దులుపుతూ చూశాను. కొంగు చాటున ఒక కన్ను ఉంది. మా ఆయన అన్నానికి కూర్చునే చోటు వైపే చూస్తోంది. అది నేను వేసింది కాదు. ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. సారును అడుగుదామంటే ఫోను ఎత్తడం లేదు.