ఏటి ఒడ్డున తవ్విన గుంతలు

ఆ దుంపలు తవ్వింది అక్క కాదు, నేను. చెప్పవలసిన చోట ఆ మాట చెప్పకుండా ఊరుకున్నాను.

తొంభైల చివర్లో రాజమహేంద్రవరంలో చదువుకుంటూ, మాకు వృక్షశాస్త్రం చెప్పే మేడమ్ గారి దగ్గర ఒక మందు మొక్క సర్వేలో చేరాను. మన కొండల్లో తప్ప ఇంకెక్కడా పెరగని మొక్క అది. పేరు రాయను. తెలిస్తే పలుగు పట్టుకుని బయల్దేరేవాళ్లున్నారు. అది ఎంత మిగిలింది, ఎందుకు తగ్గిపోతోంది, ఎంత ప్రమాదంలో ఉంది అన్నది తేల్చడమే మా పని.

రంపచోడవరం దాటాక బస్సు దిగి, ఏటి వెంట నడిస్తే, నేను అక్కా అని పిలిచే ఆ కొండ ఊరి ఆవిడ ఇల్లు. చుట్టుపక్కల పిల్లలకు కడుపునొప్పి వస్తే ఆ మొక్క దుంప అరగదీసి పట్టేది ఆమే. మొక్కలున్న చోటికి మమ్మల్ని తీసుకెళ్తూ, నా ఆయాసం చూసి నవ్వేది.

"ఏం తమ్ముడూ, మీ కడియంలో మొక్కలు కుండీల్లోనే కూర్చుంటాయంట. మనుషులూ అంతేనా?"

దిగి వచ్చాక ముంత నిండా జావ పోసి, తాగేదాకా లేవనిచ్చేది కాదు. ఇప్పటికీ తెల్లవారుజామున మా నర్సరీలో నీళ్లు పెడుతుంటే, తడిసిన ఆకుల వాసనకి మనసు ఆ గుమ్మంలోకే పోతుంది.

మాది మొక్కలు పెంచే ఇల్లు. కొత్తది కంటపడితే పిలకైనా తెచ్చి నాటకపోతే తోచదు. ఒకసారి ఒంటరిగా వెళ్లినప్పుడు, వీటిని పెంచి మళ్లీ కొండకే ఇస్తే మేడమ్ గారు మెచ్చుకుంటారనుకుని, ఏటి ఒడ్డున ఉన్నవన్నీ తవ్వి తడి గోనెలో చుట్టి తెచ్చాను. మా ఒండ్రు మట్టిలో ఒక్కటీ బతకలేదు. వానలు ఆగేలోపే కుళ్లిపోయాయి.

తర్వాత మేడమ్ గారు ఆ గుంతలు చూశారు. మొక్క స్థితి తేల్చే సమావేశంలో, స్థానికులు మందుకోసం తవ్వేయడమే కారణమని ఎవరో అన్నారు. ఆవిడ నావైపు తిరిగారు.

"అక్కడ ఆ దుంప మందిచ్చే ఆవిణ్ణి బాగా ఎరిగినవాడివి నువ్వేగా. ఏమంటావు?"

"అంతే అయ్యుంటుందండి," అన్నాను.

దాంతో అటవీశాఖ వాళ్లు అక్కను ఆ అడవిలో అడుగు పెట్టనివ్వలేదు. మేం మళ్లీ వెళ్లినప్పుడు, "నేనా అండి తవ్వింది?" అని మేడమ్ గారిని అడుగుతూ నన్నే చూసింది. నేను ఏటివైపు చూశాను.

చదువు అయ్యాక నర్సరీలోనే ఉండిపోయాను. అటు బస్సు ఎక్కాలని ఎన్నిసార్లు స్టాండుకి వెళ్లి తిరిగొచ్చానో. ఏళ్లు గడిచాక, చివరికి మొదట మేడమ్ గారికి నిజం చెప్పాను. ఆవిడ బీరువాలోంచి ఆనాటి సర్వే నివేదిక తీశారు.

"రాసింది నేను మార్పిస్తాను. ఆవిడకు మాత్రం నువ్వే చెప్పాలి."

నేను వెళ్లేసరికి అక్క జుట్టు నెరిసిపోయి ఉంది. వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి, పీట జరిపింది.

"ఎండన పడొచ్చావు. కూర్చో ముందు."

కూర్చోలేకపోయాను.

"అక్కా, ఆ గుంతలు నావి. అందరూ నిన్నంటుంటే నేనూ అవునన్నాను. నీ అడవి నీకు కాకుండా చేశాను. నన్ను క్షమించు."