పైడమ్మ కొడుకు, ఇస్పేట్ రాజు

భూమిని కాపాడదామని బయలుదేరి, ఉద్యోగాన్నీ పరువునీ కాపురాన్నీ ఒకే మధ్యాహ్నం ఒకే బల్ల మీద పెట్టి ఆడేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ నాలుగు ముక్కలూ చదవండి. చదివాక ఫోన్ చేసి ఓదార్చనక్కర్లేదు. ఇప్పటికే చాలామంది ఓదార్చారు, నవ్వాపుకుంటూ.

నాకప్పుడు సాల్ట్ లేక్‌లో, సెక్టర్ ఫైవ్ ఆఫీసులో, రాత్రి డ్యూటీ. అమెరికావాళ్లు కాఫీ తాగే వేళకి నేను కుర్చీలో ఉండాలి. మా ఆవిడ సుజాత బడిలో టీచరు. ఆవిడ నిద్ర లేచేసరికి నేను పడుకుంటాను. ఆవిడ తిరిగొచ్చేసరికి బూట్లు వేసుకుంటూ ఉంటాను.

"మిమ్మల్ని నిలువుగా చూసి రెండేళ్లయిందండీ" అంది ఒకరోజు తలుపు దగ్గర. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నాకు మనసు చివుక్కుమంది.

సరిగ్గా ఆ వారమే మా ఆఫీసులో పర్యావరణ కమిటీ పెడుతున్నారని తెలిసింది. దాని పెద్దగా ఎవరిని వేస్తే వాళ్లకి పగటి డ్యూటీ. వేసేది మా బెంగాలీ మేనేజరు బాగ్చీ దా, అంటే బాగ్చీ అన్న. పోటీలో ఉన్నది ఇద్దరమే, నేనూ తపనూ. తపన్ ఆఫీసుకి సైకిలు మీద వస్తాడు. నేను ఏసీ క్యాబులో నిద్రపోతూ వస్తాను. ఎవరు గెలుస్తారో చెప్పడానికి జాతకాలు చూడక్కర్లేదు. అయితే బాగ్చీ దాకి చెట్ల తర్వాత అంతటి ప్రాణం పోకర్ పేకాట.

"దాదా, ఆదివారం మా ఇంట్లో పోకర్ నైట్. పూర్తిగా పర్యావరణహితం" అనేశాను.

"కరెంటు కాలదా?" అన్నాడు తపన్.

"కాలదు. లైటు లేదు, ఫ్యాను లేదు. మధ్యాహ్నం మూడింటికే మొదలు."

"మధ్యాహ్నం మూడింటికి నైట్ ఏమిటి?"

"అమెరికాలో నైటే కదా!"

బాగ్చీ దా పకపకా నవ్వి, వస్తానన్నాడు.

ఏర్పాట్లు ఘనంగా చేశాను. తినడానికి ఆకు ప్లేట్లు, టీకి మట్టి ముంతలు. పందెం కాసే చిప్స్ బదులు చింతపిక్కలు. ఇక మిగిలింది పేక. బజారులో దొరికేవాటికి పైన ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందుకని నేనే తయారు చేద్దామనుకున్నాను. ఇల్లంతా వెతికితే బీరువాలో పాత పెళ్లి శుభలేఖల కట్ట దొరికింది. మాతోనే ఉండే మా అత్తగారు నలభై ఏళ్లుగా దాచినవి. మంచి దళసరి అట్ట, ఒకవైపు తెల్లగా ఖాళీ. ఆవిడ ఖిదిర్‌పూర్‌లో తెలుగువాళ్ల పేటలో ఉన్న చెల్లెలింటికి వెళ్లారు. సుజాత బడికి వెళ్లింది. అడ్డు చెప్పేవాళ్లు లేనప్పుడు నా తెలివితేటలకి హద్దుండదు.

శనివారమంతా కూర్చుని కత్తిరించాను. ఖాళీ వైపు స్కెచ్ పెన్నుతో ఇస్పేట్లూ ఆఠీన్లూ వేశాను. జోకరు లేకపోతే మన తెలుగువాళ్లకి పేకాటలా ఉండదు కనక దాన్నీ వేశాను. వెనకవైపు అరటిచెట్టు ముక్క, వినాయకుడి తొండం, పసుపు అంటిన మూలలు, సగం సగం పేర్లు. ఏ రెండు ముక్కల వీపులూ ఒకేలా లేవు. పేకాడే పాఠకులు ఈపాటికి నెత్తి బాదుకుంటూ ఉంటారు. నేను మాత్రం, చూడటానికి ఎంత కళగా ఉందో అనుకున్నాను.

ఆదివారం బాగ్చీ దా కూడా అదే మాట అన్నాడు. "అద్భుతం! ఒక్కో ముక్కా ఒక్కో బొమ్మ!" వచ్చినవాళ్లు ఇద్దరే, ఆయనా తపనూ. ఇద్దరికీ తెలుగు రాదు కనక వాళ్ల కంటికి అన్నీ ఎర్రటి, పచ్చటి ముగ్గులే. చెమటతో చొక్కాలు తడిసిపోయినా బాగ్చీ దా చింతపిక్కలు గలగలలాడిస్తూ, "కమిటీకి ఇలాంటి మనిషే కావాలి" అన్నాడు. తపన్ మొహం మాడిపోయింది. వంటింట్లోంచి సుజాత నాకేసి చూసి చిన్నగా నవ్వింది. ఆ క్షణాన నేను పగటి డ్యూటీలో ఉన్నట్టే లెక్క.

అప్పుడు తలుపు తీసుకుని అత్తగారు వచ్చారు.

వచ్చి, మునగాకు దూసుకుంటూ బాగ్చీ దా పక్కనే దివాన్ మీద కూర్చున్నారు. రెండు ఆటలు చూశారు. మూడో ఆటలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఓలమ్మా! అల్లుడుగారూ, మీ సేతిలోది మా పైడమ్మ కొడుకు పెళ్లి కారుడు కాదేటి?"

"ఏదో పాత కాగితం అత్తయ్యా..."

"పాతదేటి? ఆ పెళ్లిలో సాంబారు సాలక సగంమంది లేచెల్లిపోనారు. నాకు గుర్తులేదేటి?"

కోపం వస్తుందని భయపడ్డాను. రాలేదు. ఆవిడకి హుషారొచ్చింది. ప్రతి ఆట చివరా ముక్కలు తిరగేసి చూపిస్తాం కదా, ఎవరి పెళ్లి కార్డు వెనక ఏ ముక్క ఉందో ఆవిడ వరసగా బుర్రలో పెట్టేసుకున్నారు. ఖిదిర్‌పూర్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఆవిడ బెంగాలీ ముందు నాది నర్సరీ. నాలుగో ఆటలో బాగ్చీ దా వైపు వంగి ఆ భాషలోనే చెప్పారు.

"దాదా, ఇప్పుడు పందెం కాయకు. మా అల్లుడి దగ్గర పైడమ్మ కొడుకున్నాడు."

"పైడమ్మ కొడుకెవరు?"

"ఇస్పేట్ రాజు. తపన్ బాబు దగ్గర మా ఆడపడుచు కూతుళ్లు ఇద్దరూ ఉన్నారు. రెండు ఆసులు."

ఇద్దరం ముక్కలు పరిచాం. పైడమ్మ కొడుకు రాజే. ఆడపడుచు కూతుళ్లు ఆసులే.

తపన్ ఒక ముక్క ఎత్తి వీపు చూపించాడు.

"దాదా, ఇవి ఏ భాషలో ఉన్నాయి?"

"తెలుగు" అన్నాను.

"ఆడేవాళ్లలో తెలుగు ఎవరికొచ్చు?"

"నాకే" అన్నాను. అన్నాక గానీ అర్థం కాలేదు.

బాగ్చీ దా మెల్లగా చింతపిక్కలు వదిలేశాడు. "అంటే మా ముక్కల మీద మీ భాషలో గుర్తులు రాసిపెట్టుకుని, నన్ను ఇంటికి పిలిచి ఆడిస్తున్నావా?"

"అయ్యో, మా అమ్మతోడు! నేను వెనకవైపు చూడనే లేదు!"

"కత్తిరించింది నువ్వు. బొమ్మలేసింది నువ్వు. చూడలేదా?"

రెండేళ్ల రాత్రి డ్యూటీ ఇరవై ఏళ్లు కాబోతోందని తెలిసిపోయింది. అప్పుడు అత్తగారు నా పక్షాన లేచారు. అంతకంటే ఆ మునగాకు దూసుకుంటూ ఉండిపోయినా బాగుండేది.

"దాదా, ఆయనకంత తెలివి లేదు. నేను చూపిస్తానుండు." నా ముందు పరిచిన ముక్కల్లోంచి జోకరు తీసి తిరగేశారు. "ఇదేంటో తెలుసా? ఈయన పెళ్లి కార్డే! ఇదిగో, చిరంజీవి ప్రభాకర్ అని ఈయన పేరే ఉంది. సొంత పెళ్లి కార్డు కత్తిరించి, బొమ్మేసి, చేతిలో పట్టుకు కూర్చున్నాడు. ఆ సంగతే తెలీనివాడు మీ ముక్కలేం చదువుతాడు?"

అంతకంటే తిరుగులేని సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు. బాగ్చీ దా కుర్చీలో వెనక్కి వాలి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "సొంత పెళ్లినే రీసైకిల్ చేశావా? ఇంతకు తెగించినవాడు ఇంకెవడున్నాడు? కమిటీ నీదే!"

గెలిచానన్న సంతోషంతో వెనక్కి తిరిగాను. టీ ముంతల పళ్లెంతో సుజాత నిలబడి ఉంది. ఖిదిర్‌పూర్ పిల్ల, తెలుగు చదవడం అంతంతమాత్రం. కానీ తన పేరు తెలియదా? పళ్లెం దించి, బల్ల మీది ముక్కల్లోంచి ఒకటి తీసింది. ఒకవైపు "చి.ల.సౌ. సుజాత." తిప్పి చూసింది.

"ఏటండీ ఇది? మన పెళ్లిది మిగిలిన ఒక్క కార్డూ కోసేసారా?"

"చూసుకోలేదు సుజాతా..."

"మీ పేరు ఎనకాల జోకరు. నా పేరు ఎనకాల కళావర్ రెండా?"

తపన్ మొట్టమొదటిసారి హాయిగా నవ్వాడు.

సోమవారం నుంచి పగటి డ్యూటీ వేశారు. రోజూ సాయంత్రం ఏడింటికల్లా ఇంట్లో ఉంటున్నాను, నిలువుగా. మొదటి పది రోజులు సుజాత నాతో మాట్లాడలేదు. ఆ పది రోజులూ, రాత్రి డ్యూటీయే నయమేమోనని నాకు అనిపించిన మాట నిజం. పదకొండో రోజు మా శుభలేఖ ముక్కలన్నీ ఏరి, టేపుతో అతికించి, రెండువైపులా అద్దంతో ఫ్రేము కట్టించి, భోజనాల బల్ల ఎదురుగా వేలాడదీసింది. ఫ్యాను వేస్తే చాలు, ఫ్రేము తిరుగుతుంది. చుట్టాలకి ఒకవైపు మా శుభలేఖ, రెండోవైపు టోపీ పెట్టుకున్న జోకరు కనిపిస్తాయి.

"ఈయనెవరమ్మా?" అని అడుగుతారు.

"మా ఆయన" అంటుంది సుజాత, వడ్డిస్తూ.

అందుచేత చతుర్ముఖ పారాయణాన్ని, అదే పేకాటని, ఇక జన్మలో ఇంటికి పిలవనని, ఏ కాగితమైనా వెనక్కి తిప్పి చదవకుండా కత్తెర పట్టనని, అగ్నిసాక్షిగా కాకపోయినా అత్తగారి సాక్షిగా ప్రమాణం రాసిచ్చాను. పాత కాగితం పనికిరాదంది సుజాత. కొత్త తెల్లకాగితం కొనుక్కొచ్చి ఒకేవైపు రాశాను. ఆవిడ దాన్ని తిరగేసి, వెనక జోకరు లేడని చూసుకుని, అప్పుడు సంతకం పెట్టింది.