ఓర్లిన్ కారుకి ఎన్ని మార్కులు

ఓర్లిన్ టోలెఫ్సన్ తన కారుని సోమవారం కడుగుతాడు. ఆదివారం వచ్చేసరికి దానికి కంకర రోడ్డు దుమ్ము పట్టి ఉండాలి. చర్చి ముందు మెరుస్తూ ఆగితే జనం ఏమనుకుంటారోనని అతని భయం. ఎంత దుమ్ము పట్టినా మళ్ళీ చివరి వరసలోనే నిలుపుతాడు.

మిన్నెసోటా పడమటి కొసన, చక్కెర దుంపల పొలాల మధ్య, అతను బతుకంతా పికప్ బళ్ళే తోలాడు. భార్య మార్లిస్‌కి తుంటి ఆపరేషన్ అయ్యాక ఆ ఎత్తు ఎక్కడం ఆమె వల్ల కాలేదు. అప్పుడు షోరూంలో కార్లు అమ్మే కెండ్రా ఈ బూడిద రంగు సెడాన్ చూపించింది. తోలు సీట్లు, వెన్నుకి వెచ్చదనం, బయట గాలి ఎంత అరిచినా లోపలికి వినపడనివ్వని తలుపులు. సౌకర్యానికి లగ్జరీ కారు, ధరకి మామూలు కారు. ఎవరైనా దానివైపు చూస్తే ఓర్లిన్ ముందు ధర సంగతి ఎత్తుతాడు. "పక్క పొలం డ్వేన్ పికప్ కంటే చవక" అంటాడు. నచ్చిందని మాత్రం ఎవరితోనూ అనలేదు. ఇంటికొచ్చి మార్లిస్ లోపలికి వెళ్ళిపోయాక కూడా అతను వాకిట్లో ఆ వెచ్చటి సీట్లో కాసేపు కూర్చునే ఉంటాడు. ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంటుంది. ఏమీ అడగదు.

మా వైపు మనుషులు ఎంత బాగున్నా "పర్లేదు" అంటారు. "బాగానే ఉంది" అన్నారంటే నెత్తిన పెట్టుకున్నట్టే. ఓర్లిన్ అంతకంటే గట్టివాడు. కౌంటీ సంతలో దూడల పోటీకి ఏళ్ళ తరబడి మార్కులు వేశాడు. ఏ దూడకీ పదికి పది వెయ్యలేదు. సొంత కూతురు పెంచిన దూడకి ఆరు వేస్తే ఆ పిల్ల వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

కారు కొన్న కొత్తలో కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, అమ్మకం ఎలా జరిగిందో మార్కుల్లో చెప్పమన్నారు. ఓర్లిన్ అన్నిటికీ ఏడు చెప్పాడు. కెండ్రాని మెచ్చుకున్నాననే అనుకున్నాడు.

ఆ ఏడు మార్కులు ఏం చేశాయో నవంబరులో తెలిసింది. చర్చి కింది హాల్లో కాఫీ కప్పులు కడుగుతూ కెండ్రా అమ్మమ్మ ఇర్మా, మార్లిస్‌కి చెప్పింది. ఆ రోజు ఇంటికి వస్తుంటే కారులోనే మొదలైంది.

"ఆ పిల్ల పొట్ట కొట్టావు," అంది మార్లిస్.

"ఏ పిల్ల?"

"కెండ్రా. తొమ్మిది కంటే తగ్గితే కొన్నవాళ్ళకి కోపం వచ్చినట్టు లెక్కట. నీలాంటి మహానుభావులు ఇంకో ఇద్దరు తగిలారు. ఈ నెల కూడా ఇలాగే వస్తే ఇంటికి పొమ్మన్నాడట మేనేజరు."

"ఏడు తక్కువా?"

"వాళ్ళకి ఏడూ ఒకటే, సున్నా ఒకటే."

"అలాంటప్పుడు మధ్యలో అన్ని అంకెలు పెట్టడం దేనికి?"

"నన్నడుగుతావేం? కారు వాడాక ఎలా ఉందో అడగడానికి మళ్ళీ ఫోన్ చేస్తారట. నీ పేరూ ఉందట. అన్నిటికీ పది చెప్పు."

ఓర్లిన్ కారు వేగం తగ్గించాడు. "ఆ అమ్మాయే చెప్పమందా?"

"ఆమె నోరెత్తకూడదు. మార్కులు అడిగిందని తెలిస్తే ఆ రోజే తీసేస్తారు. అమ్మమ్మ దగ్గర ఏడిస్తే అమ్మమ్మ నాకు చెప్పింది. అంతే."

"అబద్ధం చెప్పలేను మార్లిస్."

"ఈ కారులో నీకు నచ్చనిదేదో ఒక్కటి చెప్పు చూద్దాం."

కంకర రోడ్డు మలుపు దాకా అతను ఆలోచించాడు. "కప్పు పెట్టుకునే గుంట. కొంచెం చిన్నది."

"నీ కప్పు పెద్దది."

అప్పట్నుంచి ఇంట్లో ఫోన్ మోగినప్పుడల్లా ఓర్లిన్, విత్తనాల కంపెనీ వాళ్ళు చేసినా, కూతురు చేసినా, ముందు మార్లిస్ ముఖంలోకి చూసేవాడు.

ఆ కంపెనీ ఫోన్ ఒక మంగళవారం ఉదయం, డ్వేన్ వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతుండగా వచ్చింది. డ్వేన్ ముందు మాట జారితే మధ్యాహ్నానికల్లా ధాన్యం గోదాము దగ్గర కాఫీ తాగేవాళ్ళందరికీ చేరిపోతుంది. ఓర్లిన్‌కి చెవులు సరిగా వినపడవు కాబట్టి ఫోన్ స్పీకర్‌లోనే పెట్టాలి. అతను డ్వేన్‌ని చూశాడు, గుమ్మం వైపు చూశాడు. డ్వేన్ కదల్లేదు. ఇంకో కేకు ముక్క అందుకున్నాడు.

"సర్, మొదట ఒక మాట," అంది ఫోన్‌లో కుర్రగొంతు. "మంచి మార్కులు ఇమ్మని షోరూం వాళ్ళెవరైనా మిమ్మల్ని అడిగారా?"

మార్లిస్ చేతిలో గిన్నె తుడిచే గుడ్డ ఆగిపోయింది.

"షోరూం వాళ్ళు అడగలేదు," అన్నాడు ఓర్లిన్.

"ఇంకెవరైనా?"

"మా ఆవిడ."

డ్వేన్‌కి పొలమారింది. ఫోన్‌లో ఆ కుర్రాడు వదల్లేదు. "ఆవిడ అక్కడ పని చేస్తారా సర్?"

"లేదు. ఇక్కడే. నా మీద."

"అయితే పర్వాలేదు సర్. సీట్ల సౌకర్యం, పదికి ఎంత?"

ఓర్లిన్ నుదుటి మీద చెమట పట్టింది. బయట నీళ్ళు గడ్డకట్టే చలి. "బాగానే ఉన్నాయి."

"అంకె చెప్పాలి సర్."

"...పది."

"ఒరేయ్," అన్నాడు డ్వేన్ మెల్లిగా, "నా పెళ్ళాం రొట్టెకి అయిదు వేశావు కదరా."

"అది మాడింది," అన్నాడు ఓర్లిన్ వెనక్కి తిరక్కుండా.

ఇంజనుకి పది. బ్రేకులకి పది. ఒక్కో పదికీ మధ్య అతను ఊపిరి పీల్చుకుంటున్నాడు. అతని మెడ మీద ఉబ్బే నరాన్ని చూసి మార్లిస్ ఆ పదులు లెక్కపెట్టుకుంటోంది. పెట్టిన ధరకి తగ్గ కారేనా అన్నప్పుడు అడక్కముందే పది అన్నాడు.

"చివరిది సర్. మళ్ళీ ఇదే కారు కొనే అవకాశం ఎంత?"

ఓర్లిన్ బల్ల మీది కేకు పొడిని వేలితో ఓ పక్కకి తోశాడు.

"సర్?"

"చెప్పు ఓర్లిన్," అంది మార్లిస్.

"ఇంకోటి కొననబ్బాయ్. నా వయసు నీకు తెలీదు. డాక్టరు కూడా..." ఆగాడు. "ఇదే ఆఖరిది. ఆ లెక్కనే కొన్నాను."

డాక్టరు ఏమన్నాడో మార్లిస్‌కి అతను చెప్పలేదు. ఆమె గుడ్డ సింకు అంచున పెట్టింది. డ్వేన్ నములుతున్నవాడు ఆపేశాడు.

"అయితే సున్నా వెయ్యమంటారా సర్?"

ఓర్లిన్ నోరు తెరిచాడు. సున్నా అంటే కెండ్రా పని అయిపోతుందని అతనికీ మార్లిస్‌కీ తెలుసు. ఇంకో మాట అతని నోట్లోంచి రాదని కూడా ఆమెకి తెలుసు. అతను చెప్పేలోపే మార్లిస్ వచ్చి ఫోన్ లాక్కుంది.

"ఇదిగో నాయనా, ఆ కారు నా పేరు మీద కూడా ఉంది. నన్నడుగు."

"ఒకరి జవాబులే తీసుకోవాలి మేడమ్. మళ్ళీ మొదటి నుంచీ అడగాలి."

"అడుగు."

"మంచి మార్కులు ఇమ్మని షోరూం వాళ్ళు..."

"లేదు. నన్ను అడిగే ధైర్యం ఎవరికీ లేదు."

సీట్లకి పది అంది. ఇంజను సంగతి తనకి తెలీదనీ, మొగుడికి తెలుసు కాబట్టి పదనీ అంది.

"లోపల నిశ్శబ్దం మేడమ్?"

"పది. పెళ్ళయ్యాక మొదటిసారి ఈయన గొణిగేది వినపడుతోంది."

"వినపడి ఏం లాభం?" అన్నాడు డ్వేన్.

"నోర్మూసుకో డ్వేన్."

"చివరిది మేడమ్. మళ్ళీ ఇదే కారు కొంటారా?"

మార్లిస్ ఓర్లిన్‌ని చూసింది. అతను కిటికీ అవతల మంచు పట్టిన దుంపల పొలాన్ని చూస్తున్నాడు.

"కొంటాను. పది."

"ఎప్పటిలోగా?"

"ఈయన పోయాక," అంది. ఫోన్ రెండో చేతిలోకి మార్చుకుంది. "ఎర్రది కొంటాను. రాసుకో."

రాసుకున్నానన్నాడు ఆ కుర్రాడు. అన్నీ పదులే వచ్చాయని చెప్పి, ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు.

"ఎర్రదా?" అన్నాడు ఓర్లిన్.

"నాకెప్పుడూ ఎరుపే ఇష్టం. డాక్టరు ఏమన్నాడు?"

డ్వేన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. కేకు బాగుందని కూడా అనకుండా వెళ్ళిపోయాడు. గోదాము దగ్గర ఆ పదుల కథంతా చెప్పి నవ్వించాడు కానీ, ఆఖరి ప్రశ్న దాకా వెళ్ళలేదు.

నెలాఖరు దాటింది. షోరూంలో కెండ్రా బల్ల కదల్లేదు, ఉద్యోగం నిలిచింది. డిసెంబరు మొదట్లో ఆయిలు మార్పించడానికి ఇద్దరూ వెళ్ళినప్పుడు ఆమె ఎదురొచ్చింది. ఏదో అనబోయి, వెనక మేనేజరు గది తలుపు తెరిచి ఉండటం చూసి, చలి ఎక్కువగా ఉందని మాత్రం అంది. అవును, ఎక్కువగానే ఉంది అన్నాడు ఓర్లిన్.

కారు తయారయ్యాక అతను తాళాలు మార్లిస్ చేతిలో పెట్టాడు.

"నేనా? తుంటి ఆపరేషన్ అయ్యాక స్టీరింగు ముట్టుకోలేదు."

"అందుకే," అని అతను చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.