తమాషా డబ్బాలో బావి

దయ్యం పట్టిందని బడి మానేసి ఇంట్లో పడుకున్న పిల్లలను ఇంటికెళ్ళి చెవి పట్టుకుని తీసుకొచ్చిన పంతులమ్మను నేను. జహీరాబాద్‌లో సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు భయం కాదు, చిరాకు. ఇది చదివి నన్ను వాళ్ళలో కలిపేయకండి.

ఈమధ్య మా మేనకోడలు తను పనిచేసే క్లినిక్ చూపించడానికి నన్ను తీసుకెళ్ళింది. మనసు బాగాలేనివాళ్ళకు అక్కడ కళ్ళకు పెద్ద డబ్బాలాంటి కళ్ళజోడు కడతారు. లిఫ్టంటే భయపడేవాళ్ళకు అందులో లిఫ్టు, విమానం భయమున్నవాళ్ళకు విమానం కనిపిస్తాయట. నిజంగా అక్కడే ఉన్నట్టు ఉంటుందట. చూసి చూసి భయం పోతుందట.

"ఒక్కసారి పెట్టుకొని సూడు అత్తా" అంటూ నా ముఖం దగ్గరికి తెచ్చింది. లోపలి మెత్త మీద ఎవరిదో పౌడరు, చెమట జిడ్డు. వద్దని తోసేశాను. ముసలిది భయపడిందని అది నవ్వింది. నాకు వచ్చింది భయం కాదు, వాసన. ఎనభైల మొదట్లో ఒక డబ్బా నుంచి వచ్చిన పాచి వాసన.

నాగమ్మ చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. వాళ్ళ పుట్టిల్లు బీదర్ వైపు పల్లె. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ కలిస్తే కన్నడంలోనే మాట్లాడుకునేవాళ్ళు. చిన్నమ్మను న్యాల్‌కల్ అవతల ఊళ్ళో మల్లప్ప చిన్నాయనకు ఇచ్చారు. వాళ్ళకు ఒక్కతే ఆడపిల్ల, నాలుగేళ్ళు కూడా నిండలేదు. పిల్లకు మంచి పేరే పెట్టారు గానీ చిన్నమ్మ మాత్రం "కూసు" అనే పిలిచేది. కన్నడంలో కూసు అంటే పసిబిడ్డ.

నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు ఒక ఏడాది అమ్మకు టైఫాయిడ్ వస్తే చిన్నమ్మ మాకు సాయంగా వచ్చింది. పిల్లను అత్తగారు తన దగ్గర ఉంచుకున్నారు. ఒక పొద్దున పిల్ల ఒక్కతే చేను వైపు పోయి మెట్ల బావిలో పడింది. కబురు అంది చిన్నమ్మ బస్సు దిగేసరికి పూడ్చడం కూడా అయిపోయింది.

"సూస్తే తట్టుకోలేదని కానిచ్చినం" అన్నాడు చిన్నాయన.

ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తట్టుకుంటుందో లేదో తేల్చడానికి వీళ్ళెవరు? తొమ్మిది నెలలు మోసిన మనిషి కోసం ఒక్క బస్సు వచ్చేదాకా ఆగలేకపోయారు.

అప్పటి నుంచి చిన్నమ్మ నీళ్ళు ముట్టడం మానేసింది. "నీళ్ళల్ల కూసు ఉన్నది. ఎట్ల పోస్కోవాలె?" అనేది. బకెట్టయినా, చెంబయినా, గిన్నె కడిగిన నీళ్ళయినా అంతే. అమ్మ గ్లాసు పట్టుకుని తాగిస్తే కళ్ళు గట్టిగా మూసుకుని నాలుగు గుటకలు మింగేది. అత్తవారింట్లో నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని తలంటబోతే ఒకామె చెయ్యి కొరికేసిందట.

చిన్నాయన ఆమెను మా ఇంట్లో దించిన రోజు నాకు బాగా గుర్తుంది. జుట్టు అట్టకట్టి ఒకే ముద్దయింది. మెడ మీద పేలు పాకుతున్నాయి. చీర నడుం దగ్గర చెమటకు బిగుసుకుపోయి, ఆమె గడపలో ఉండగానే వాసన వంటింట్లోకి వచ్చింది. చిన్నప్పుడు నన్ను చంకన వేసుకుని తిరిగిన మనిషి. అయినా పక్కన కూర్చుని అన్నం తినలేకపోయాను. ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

"వానలు పోయేదాక సూస్త వదినా" అని అమ్మతో చెప్పాడు చిన్నాయన. "గప్పటికి నయం గాకుంటే పట్నంల పిచ్చి దవాఖానల ఏస్త. నేనింక ఎన్నొద్దులు గిట్ల ఉండాలె?"

ఆ మాట అన్న నాటికే రాయికోడ్ వైపు ఎవరి పిల్లనో చూసి వచ్చాడని తరవాత తెలిసింది. పెళ్ళాం మతి చెదిరి ఉంటే పెళ్ళిచూపులకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళిన మనిషి. తుప్పున ఉమ్మేయాలనిపించింది. వానలు పోయేలోగా చిన్నమ్మ నీళ్ళు ముట్టాలి. లేకపోతే ఆమె బతుకంతా ఆ దవాఖాన గోడల మధ్యే.

అప్పుడు మా ఊళ్ళో గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరు ఒకాయన ఉండేవారు. మామూలు జ్వరాల డాక్టరే గానీ భయాలు, బెంగలు పోగొట్టే పిచ్చి ఒకటి పట్టుకుంది ఆయనకు. రెండు కళ్ళ కెమెరా ఒకటి సంపాదించారు. దాంతో తీసిన ఫోటోలు జంటగా అట్టకు అతికించి ఒక నల్ల డబ్బాలో పెట్టి చూస్తే చెట్టు చెట్టులాగా, గోడ గోడలాగా ముందుకు లేచి వచ్చేవి. చెయ్యి చాపితే తగులుతాయేమో అనిపించేది. ఊళ్ళో జనం దాన్ని తమాషా డబ్బా అనేవారు. బస్సెక్కితే కళ్ళు తిరిగే ఒక కిరాణా సేఠ్‌కు అందులో బస్సు చూపించి చూపించి భయం పోగొట్టారని చెప్పుకునేవారు.

చిన్నమ్మకు బావి చూపిద్దాం అన్నారాయన. చిన్నాయనను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళి మెట్ల బావి ఫోటో తీసుకొచ్చారు. వానాకాలం కావడంతో పైమెట్ల దాకా నీళ్ళు. ఫోటో తీసేటప్పుడు చుట్టూ ఎవరూ లేరని, తాను పక్కనే నిలబడి ఉన్నానని చిన్నాయన అప్పుడే చెప్పాడు.

బడి వదిలాక చిన్నమ్మను నేనే తీసుకెళ్ళేదాన్ని. వాసనకు రిక్షా అబ్బాయి ముక్కు మూసుకునేవాడు. ఇక ఆ డబ్బా సంగతి చెప్పనక్కర్లేదు. కళ్ళు ఆనించే చోట రబ్బరు వలయాలు ఉండేవి. వాటికి ఎవరెవరి సుర్మానో, కొబ్బరినూనో, రెప్పల వెంట్రుకలో అంటుకుని ఉండేవి. డాక్టరు గారు లుంగీ అంచుతో ఒకసారి తుడిచి మళ్ళీ ఇంకొకరి ముఖానికి పెట్టేవారు. నేను ఇంటి నుంచి దూది, స్పిరిట్ పట్టుకెళ్ళి ముందు ఒకసారి, తరవాత ఒకసారి నేనే తుడిచేదాన్ని.

మొదటిసారి చిన్నమ్మ డబ్బాలోకి చూసి వణికిపోయింది. కానీ వదల్లేదు. రెండు చేతులతో ముఖానికి అదుముకుని "కూసు... కూసు" అంది.

డాక్టరు గారు సంబరంగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "చూశావా అమ్మాయ్! నన్ను కూర్చోమంటోంది. ఎదుటి మనిషిని పలకరించడం మొదలెట్టింది."

మా వైపు కూర్చో అనడానికి కూసో అంటారని ఆయన ఊళ్ళో నేర్చుకున్నారు. "అది కాదు సార్, కన్నడంలో కూసంటే బిడ్డ. ఆమె బిడ్డను పిలుస్తున్నది" అన్నాను. ఆయన చెయ్యి ఊపేశారు. "మీ భాష నాకు తెలీదా ఏంటి!" అన్నారు. ఆ రోజు మొదలు ఆమె "కూసు" అన్నప్పుడల్లా ఆ మహానుభావుడు నిలబడి ఉంటే టక్కున కూర్చునేవారు. బిడ్డ కోసం ఏడుస్తున్న మనిషి ముందు ఆయన అలా నవ్వుతూ కూర్చోవడం చూస్తే నాకు రోత పుట్టేది.

కొన్నాళ్ళకు ఒక సంగతి నా కంట పడింది. చిన్నమ్మ చూసి దించాక రబ్బరు వలయాలు తడిగా ఉండేవి. కన్నీళ్ళన్నారు డాక్టరు గారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ తుడిచిన దూది పచ్చగా అయ్యేది. నిలవ నీళ్ళలో రాళ్ళకు పట్టే పాచి వాసన వచ్చేది. లోపల అట్ట మాత్రం పొడిగా కరకరలాడుతూ ఉండేది.

ఒకరోజు ఆ దూదిని కాగితంలో చుట్టి బడికి తీసుకెళ్ళాను. పిల్లలకు చెరువు నీళ్ళు చూపించే మైక్రోస్కోపు కింద పెట్టాను. పచ్చటి పాచి పోగులు, గొలుసుల్లాగా. తొమ్మిదో తరగతికి ప్రతి ఏడూ చూపించేవే. ఒంటికి చుక్క నీరు తగలనివ్వని మనిషి కళ్ళ నుంచి అవి ఎలా వస్తాయి? వానాకాలం కదా, డబ్బాకే ఏదో పట్టి ఉంటుందన్నారు డాక్టరు గారు. సరే అనుకున్నాను. కానీ వేరే పేషెంట్లు చూశాక తుడిస్తే దూది నల్లగా, జిడ్డుగా అయ్యేది. పచ్చగా ఎప్పుడూ కాలేదు.

ఇంకొకటి కూడా ఉంది. తుడిచేటప్పుడు నేనూ లోపలికి ఒక చూపు చూసేదాన్ని. మొదట్లో నీళ్ళు పైమెట్ల దాకా ఉండేవి. తరవాతోసారి అంచు విరిగిన మెట్టు ఒకటి కనిపించింది. అది ముందు చూసిన గుర్తు లేదు. ఇంకోసారి చూస్తే దాని కింద గోడలో మొలిచిన రావి మొక్క కనిపించింది. ఫోటోలో నీళ్ళు తగ్గవు కదా, మొదట నేనే సరిగ్గా చూసి ఉండననుకున్నాను.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం చిన్నమ్మ చాలాసేపు చూసింది. బయట ఎండగా ఉంది. వణుకు లేదు, ఏడుపు లేదు. మెల్లగా "కూసు ఇల్లే అద" అంది. బిడ్డ ఇక్కడే ఉంది, అని. డాక్టరు గారు అలవాటు ప్రకారం కూర్చున్నారు. ఆమె డబ్బా దించి నా చేతికిచ్చి, ఎన్నో నెలల తరవాత నా ముఖంలోకి చూసింది.

"సూసిన బిడ్డా. ఇగ ఇంటికి పోయి తానం జేస్త."

డాక్టరు గారు చప్పట్లు కొట్టారు. నేను దూది తీసి తుడవబోయి లోపలికి చూశాను.

నీళ్ళు లేవు. అడుగు దాకా మెట్లు, కింద నల్లటి బురద. చిట్టచివరి మెట్టు మీద చిన్న పిల్ల అటు తిరిగి కూర్చుని ఉంది. ముఖం కనపడలేదు. గౌను వీపుకు అంటుకుని ఉంది. దాని కుట్లు, దారపు పోగులు పైకి కనిపిస్తున్నాయి. తిరగేసి వేసుకున్న గౌను. ముక్కుల్లోకి ఆ కుళ్ళిన బురద వాసన కొట్టింది. వాకిట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను.

నేను తిరిగి వచ్చేసరికి డాక్టరు గారు డబ్బాలోకి చూస్తున్నారు. "ఏముందమ్మాయ్, అదే బావి, అవే నీళ్ళు" అన్నారు. నేనూ మళ్ళీ చూశాను. పైమెట్ల దాకా నీళ్ళు. ఎవరూ లేరు. నేను చూసింది ఆయనకు గానీ, ఇంట్లో అమ్మకు గానీ, చిన్నమ్మకు గానీ చెప్పలేదు.

ఆ సాయంత్రం చిన్నమ్మ తనంతట తానే కాగు కింద మంట పెట్టుకుని తలారా స్నానం చేసింది. జడలు కట్టిన జుట్టు అమ్మ కత్తిరించింది. మోరీలోకి మట్టి రంగు నీళ్ళు పోతూనే ఉన్నాయి. నాకు అసహ్యం వేయని మురికి నా జన్మలో అదొక్కటే. గోడకు ఆనుకుని చూస్తూ ఏడ్చాను.

నయమైందని తెలిసి చిన్నాయన కొత్త చీర పట్టుకుని వచ్చాడు. రాయికోడ్ సంబంధం కుదరలేదని తరవాత విన్నాం. అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ ఏమీ జరగనట్టు "ఇగ పోదాం నడువు" అన్నాడు. చిన్నమ్మ చీర ముట్టుకోలేదు.

"పిల్లకు గౌను తిరగేసి ఉండె. గట్లనే పూడ్చిన్రా?" అని అడిగింది.

నా చేతిలో పళ్ళెం జారిపోయింది. చిన్నాయన చాయ్ కింద పెట్టేశాడు. "నీకెవ్వలు జెప్పిన్రు?" అన్నాడు. ఆ పొద్దున పిల్ల తనంతట తానే తొడుక్కుందని, బావిలోంచి తీసినంక సరిచేద్దామని ఎవరికీ తోచలేదని, అది గమనించింది తానూ తన తల్లీ మాత్రమేనని గొణిగాడు. ఆ ముసలామె అంతకుముందే కాలం చేసింది.

"నాకు సూపియ్యకుండ పూడ్చినోళ్ళ ఇంటికి నేను రాను" అంది చిన్నమ్మ. గొంతు పెంచలేదు. అతను సగం చాయ్ వదిలేసి చీర చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. చిన్నమ్మ మా ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బతికింది. పోయేదాకా రెండు పూటలా స్నానం చేసింది. గిరాకీ వాళ్ళు తెచ్చిన గౌను ఏదైనా ముందు తిరగేసి చూసి, సరిచేసి మడత పెట్టేది.

డబ్బాతో మనసుకు నయమవుతుందంటే నమ్మవా అని మా మేనకోడలు ఆ రోజు అడిగింది. మా చిన్నమ్మకు నయమైంది, నేను కళ్ళారా చూశాను. డబ్బా వల్లనో, దక్కని ఆఖరి చూపు దక్కడం వల్లనో చెప్పలేను. ఫోటోలో లేని పిల్లను ఆమె చూసిందంటే దిగులు అనొచ్చు. ఏ దిగులూ లేని నాకు ఆ కుట్లు ఎందుకు కనిపించాయి?

అన్నిటికన్నా నాకు మింగుడు పడనిది ఇంకొకటి. కూసంటే బిడ్డ అని నేను, కూర్చోవడం అని ఆ డాక్టరూ అంతకాలం వాదించుకున్నాం. ఆయనది తప్పని నాకు కొండంత నమ్మకం. కానీ ఆ చివరి మెట్టు మీద నేను చూసింది కూర్చున్న బిడ్డను.