విప్పని మసాలా పొట్లం

తాండూరు చుట్టుపక్కల పెండ్లిళ్లలో బగారన్నం హన్మమ్మే వండాలి. గంజు మీదికి వంగి, ఆవిరి వాసనతోనే ఉప్పు చాలిందో లేదో చెప్పేది. మొన్నటి జ్వరం తర్వాత ఇంట్లో మాత్రం డబ్బాలో వచ్చే బగారా మిక్సే వండుతోంది. కొలతలన్నీ డబ్బా మీదే ఉంటాయి. ఆ పూట కూడా అలవాటుగా గిన్నె మీదికి వంగి, కంచంలో పెట్టుకుని నెమ్మదిగా తింటోంది.

"ఎట్లున్నదమ్మా?" అంది కూతురు అంజలి.

"మంచిగనే ఉంది, బిడ్డా."

డబ్బా పారేయబోయిన అంజలికి అందులో ఉప్పూ మసాలా ఉన్న పొట్లం విప్పకుండానే కనిపించింది. తల్లి కంచంలోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పే లేదు గదనే!"

హన్మమ్మ తినడం ఆపలేదు.

"జ్వరమొచ్చినకాంచి నాకేం తెలుస్తలేదు. ఆదివారం పరిగిల పెండ్లి వంట ఒప్పుకున్న. నువ్వు పక్కన నిలవడి రుచి జూడు. నేను వాసన జూసినట్టు వంగుత."