కోత పండుగ బల్ల మీద లాంతరు

మా వీధి మూలన ఒక ఇస్త్రీ బండి ఉంది. బొగ్గుల పెట్టె బాగా వేడెక్కి, దాని మీద నీటి చుక్క పడి, కాలిన ఇనుము వాసన లేచినప్పుడల్లా నా కాళ్ళు ఆగిపోతాయి. మొన్న కూడా ఆగాయి. చేతిలో కూరల సంచి, వెనక నుంచి స్కూటర్ హారన్, అయినా కదలలేదు. వేడి రేకు, కొంచెం కిరోసిన్, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన కొయ్యపెట్టె. ఈ మూడూ కలిస్తే కరుణమ్మ టీచరు గారి లాంతరు వాసన. ఇస్త్రీ బండి దగ్గర మొదటిదే ఉంటుంది. మిగిలిన రెండూ నేను కలుపుకుంటాను.

తొంభైల మధ్యలో పోటీ పరీక్షలకు చదువుకుందామని మెదక్ వైపు పల్లె నుంచి హైదరాబాదు వచ్చాను. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ, సాయంత్రం అశోక్‌నగర్‌లో కోచింగు. హాస్టల్లో చోటు దొరకలేదు. మా ఊరి పాస్టరు గారు చెప్పి పంపితే కరుణమ్మ గారింట్లో దిగాను. ఆమె రిటైరైన బడి టీచరు. పెళ్ళి చేసుకోలేదు. నారాయణగూడలోని మా చర్చి సంఘంలో ఆదివారపు బడి ఆమెదే. తల్లులకూ వాళ్ళ పిల్లలకూ కూడా ఆమే బైబిలు వాక్యం నేర్పారు, అందుకే ఊరంతా ఆమెను టీచరమ్మ అనే పిలిచేది. లైబ్రరీ వెనక సందులో ఒక పెంకుటింటి ముందు గది ఆమెది. కిరాయిలో సగం నేనిచ్చేదాన్ని. మంచం ఆమెకు, చాప నాకు, మంచం కింద చోటు లాంతరుకు.

అది మామూలు లాంతరు కాదు, బొమ్మలు చూపించే మ్యాజిక్ లాంతరు. రేకు పెట్టె లోపల దీపం, ముందు ఇత్తడి గొట్టంలో భూతద్దం. రెండింటి మధ్య రంగులు వేసిన గాజు పలక పెడితే ఎదుటి గోడ మీద బొమ్మ పెద్దదై పడుతుంది. ఆ గాజు పలకలను ఆమె అద్దాలు అనేవారు. ప్రతి అద్దాన్నీ ఎవరో దూరదేశపు చిత్రకారుడు సన్నని కుంచెతో చేత్తో వేశాడు. టీచరమ్మ వయసులో ఉన్నప్పుడు ఆమెతో కలిసి పనిచేసిన దొరసాని ఒకామె, తన దేశానికి వెళ్ళిపోతూ, "ఇది సంఘానికి కాదు, నీకు" అని ఆమె చేతికిచ్చి వెళ్ళిందట.

నేను వచ్చిన కొత్తలో అశోక్‌నగర్ నాలా పక్క బస్తీకి ఆ పెట్టెను ఇద్దరం రిక్షాలో తీసుకెళ్ళాం. రెండు గుంజల మధ్య దుప్పటి కట్టాం. తప్పిపోయిన గొర్రెను కాపరి భుజాన వేసుకుని వచ్చే బొమ్మ పడింది. గొర్రె బొద్దుగా, మల్లెపువ్వులా తెల్లగా ఉంది. ముందు వరసలో కూర్చున్న పిల్ల ఒకతె లేచింది.

"టీచరమ్మా, గివి మా గొర్లు కావు. సబ్బు పెట్టి కడిగిండ్రా?"

"తప్పిపోయిన దాన్ని దొరకబట్టి తెచ్చినంక ఎవరైనా కడుగుతరు బిడ్డా," అన్నారు టీచరమ్మ తడుముకోకుండా. వాక్యాన్ని అంత దగ్గరగా, అంత నవ్వుతూ చెప్పవచ్చని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. కానీ కాసేపటికి పక్కింట్లో టీవీ సీరియల్ పాట మొదలైంది. దుప్పటి ముందు కూర్చున్నవాళ్ళలో సగం మంది లేచి అటు పోయారు. ఆ తర్వాత పెట్టె మంచం కింద నుంచి బయటికి రావడం బాగా తగ్గింది.

ఇంటి యజమాని పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టిస్తానన్నాడు. అప్పట్లో ఆ సందుల్లో ఏ ఇంటి గోడ మీద చూసినా అదే మాట. టేకు తలుపులకు ధర కట్టడానికి కోఠి నుంచి పాత సామాన్ల వ్యాపారి ఖలీల్ సాబ్ వచ్చారు. తలుపు చూస్తూ చూస్తూ వంగి మంచం కిందికి చూశారు. అడిగి, అనుమతి తీసుకుని, పెట్టె తెరిచారు. ఒక్కో అద్దాన్ని అంచులు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసి, రుమాలుతో చెమట తుడుచుకున్నారు.

"అమ్మా, ఇది ఖాళీ డబ్బా కాదు. అద్దాలన్నీ సలామత్, మంచిగ ఉన్నయి. గిసొంటియి జమచేసెటోళ్ళు ఉన్నరు, బొంబాయిల, బయటి ముల్కుల. మీరు సోంచాయించుండ్రి. జల్దీ ఏం లేదు. కానీ ఇగ ముట్టకుండ్రి, వేలిముద్ర పడితే కిమ్మత్ తగ్గుతది."

ఆయన చెప్పిన వెలతో ఒక మంచి గదికి అడ్వాన్సు కట్టి, కొన్నేళ్ళపాటు కిరాయి ఇవ్వవచ్చు. ఇల్లు ఖాళీ చేశాక టీచరమ్మ పోవలసింది అశోక్‌నగర్‌లో తన చెల్లెలి కొడుకు ఇంటికి. మంచివాళ్ళే. కానీ అక్కడ ఆమె చోటు హాల్లో, సోఫా వెనక. ఒకసారి జ్వరం వచ్చి నెల రోజులు అక్కడున్నారు. తెల్లవారుజామున ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉంటే పిల్లలు బూట్లు వెతుక్కుంటూ ఆమె మీది నుంచి దాటిపోయేవారట. ఆ మాట చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను.

ఖలీల్ సాబ్ వచ్చిపోయినప్పటి నుంచి మా గదిలో నెమ్మది పోయింది. ఆ పెట్టె ఒకరోజు మంచం కింద, ఒకరోజు బీరువా మీద, ఒకరోజు బియ్యం డబ్బా వెనక. అద్దాలను పాత చీర ముక్కల్లో చుట్టేవారు, విప్పేవారు, మళ్ళీ చుట్టేవారు. అన్నం ముందు కూర్చుని కలిపినదాన్నే కలిపేవారు. నాకప్పుడు విశ్వాసం కొత్త, వేడి ఎక్కువ. ప్రతి ప్రశ్నకూ నా దగ్గర ఒక వాక్యం ఉండేది. అమ్మకూడదనడానికి ఒకటి, భూమి మీద ధనం కూడబెట్టుకోకూడదనడానికి ఇంకొకటి చెప్పాను. ఆమె చేతిలో ముద్ద అలాగే ఉంది.

"వాక్యం నాకు తెల్వదా బిడ్డా? తెల్వనోళ్ళకు ఏం పరేషాన్ లేదు, అమ్ముకుంటరు, పంటరు. అన్ని వాక్యాలు తెలిసినందుకే నాకు నిద్ర పడ్తలేదు."

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మాకొక అలవాటు ఉంది. పైకి చెప్పలేని సంగతి ఉంటే, మనసులో ఒక మనవి ఉంది, ప్రార్థించండి అని మాత్రం అంటాం. సంగతి తెలియకుండానే అందరూ ప్రార్థిస్తారు. ఆ శుక్రవారం టీచరమ్మ అదే అడిగారు. ఆటో నడిపే ఇస్సాకు అన్నకు మా సంఘంలో అందరికంటే పెద్ద గొంతు. ఏ మనవో ఊహించుకుని, "ప్రభువా, మా అక్క మోకాళ్ళు బాగుచెయ్యి! నొప్పి తీసెయ్యి!" అని గోడలు అదిరేలా వేడుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. టీచరమ్మ కూడా అన్నారు. బయటికి వచ్చాక ఆమె మోకాలు తడుముకుని, "ఇగ ఇవైనా బాగుపడ్తయేమో," అని గొణిగారు.

తర్వాత కోత పండుగ వచ్చింది. చూడనివాళ్ళ కోసం చెబుతాను. ఆ ఆదివారం ఎవరి ఫలం వారు తెచ్చి గుడిలో, అంటే చర్చిలో, బల్ల మీద పెడతారు. బియ్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, ఆవకాయ జాడీలు. ఆరాధన అయ్యాక వేలం. వచ్చిన డబ్బు సంఘానికి. మా దగ్గర ఇంకొక ముచ్చట ఉంది. పాడుకున్నవాళ్ళు ప్రేమ కొద్దీ ఆ వస్తువును తిరిగి బల్ల మీదే పెట్టేస్తారు, దాన్ని మళ్ళీ పాడతారు. ఒక్క సొరకాయ పది ఇళ్ళ పేరు మీద అమ్ముడుపోయి, చివరికి తెచ్చినామె సంచిలోనే ఇంటికి పోవడం నేను చూశాను.

ఆ ఉదయం టీచరమ్మ నాతో ఒక్క మాటైనా అనకుండా లాంతరు పెట్టెను ఆటోలో పెట్టించి, తీసుకెళ్ళి గుమ్మడికాయల మధ్య ఉంచారు.

ఇస్సాకు అన్న వేలం పాడుతున్నాడు. "ఈ గుమ్మడికాయ చూడుండ్రి, మన అయ్యగారి కడుపు లెక్క ఉన్నది! ఎవరెత్తుకుంటరు?" మా సంఘపు పాస్టరు గారితో సహా అందరూ నవ్వారు. తర్వాత అతని చెయ్యి పెట్టె మీద పడి ఆగింది.

"అక్కా, ఇది పొరపాటున వచ్చిందా?"

"కాదు. పాడు."

"నిజమేనా?"

"పాడమన్న కదరా!"

ఒక నర్సు మొదట పాడుకుంది. పెట్టెను ఎత్తి గుండెకు ఆనించుకుని, "నేను మొదటి వాక్యం దీని ముందు కూసొని నేర్సుకున్న. తిరిగి ఇస్తున్న," అంది. చప్పట్లు. మళ్ళీ పాట. మార్కెట్లో కూరలమ్మే ఆమె పాడుకుని తిరిగి ఇచ్చింది. ఒక క్లర్కు, ఒక కుట్టుమిషను ఆయన, కాలేజీ పిల్లలు అందరూ కలిసి ఒకసారి. ప్రతివాళ్ళూ తీసుకోవడం, ఏదో ఒక జ్ఞాపకం చెప్పడం, తిరిగి పెట్టడం. చివరికి ఇస్సాకు అన్న తన పాటను తానే ఆపి, ఆటో సీటు మార్పించుకోవడానికి దాచిన డబ్బు తీసి బల్ల మీద పెట్టి, పెట్టెను మోసుకొచ్చి టీచరమ్మ ఒళ్ళో ఉంచాడు. "ఎవరి దీపం వాళ్ళ తాన్నే ఉండాలె!" అన్నాడు. గుడి అంతా లేచి నిలబడి కీర్తన పాడింది. టీచరమ్మ వెక్కి వెక్కి ఏడ్చారు. ఆనందం అనుకున్నాం. నేను అందరికంటే ఎక్కువగా అనుకున్నాను.

మధ్యాహ్నం ఇంటికి రాగానే, "దేవుడు జవాబిచ్చిండు టీచరమ్మా! ఉంచుకొమ్మన్నడు!" అన్నాను. ఆమె చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చున్నారు.

"దేవుడిచ్చిండో, ఇస్సాకు ఇచ్చిండో."

నాకు అర్థం కాలేదు. ఆమె పెట్టెను కాస్త దూరం జరిపారు.

"నేను భక్తితోటి పెట్టిన అనుకుంటున్నవా? ఇచ్చేస్తే ఆశ పోతదని పెట్టిన. ఇచ్చిన, పోలే. ఇప్పుడు అందరు పైసలు కట్టి నా ఒళ్ళ పెట్టిండ్రు. ఇగ ఏ మొకం పెట్టుకొని అమ్మాలె?"

"ఏం ఆశ?"

"ఒక గది. లోపలికి పోయి గడియ పెట్టుకుని మోకరించే గది." గొంతు చాలా చిన్నగా వచ్చింది. "పుట్టినప్పటి సంది నాకు అసొంటిది లేదు. అడుగుండ్రి, ఇస్తడు అని ఊరందరి పిల్లలకు చెప్పిన. నాకోసం అడగనీకె నాకే సిగ్గయింది. మనసుల మనవి అంటి. ఏం మనవో దేవుని ముంగట గూడ పేరు పెట్టి చెప్పలే."

ఆ వారం ఆమె ఎలా గడిపారో నేను చూశాను. చదువుకుంటున్నట్టు పుస్తకం అడ్డం పెట్టుకుని చూశాను. వాకిట్లోకీ గదిలోకీ తిరుగుతూనే ఉన్నారు. ఒకసారి నా ఎదుట ఆగి, "జనం బాధపడ్తరు కదా?" అన్నారు. అవును, బాధపడతారు అన్నాను. నేనూ బాధపడేదాన్నే. లాంతరు తిరిగి రావడాన్ని అప్పటికే దేవుడు చేసిన మేలుకు గొప్ప సాక్ష్యంగా లైబ్రరీ మెట్ల మీద నలుగురికి చెప్పేశాను. ఆమె అమ్మితే నా సాక్ష్యం ఏం కావాలి?

తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ ఆమె లేచి నిలబడ్డారు. అందరూ లాంతరు సంగతి వినడానికి నవ్వుతూ తిరిగారు.

"మీ ప్రేమకు వందనాలు. కానీ నేను దాన్ని అమ్ముకుంట," అన్నారు. "సంఘం కోసం కాదు, పేదోళ్ళ కోసం కాదు. నాకోసం. నాకు ఒక గది కావాలె. ఈ మాట ముందు దేవునికి చెప్పాలె, తర్వాత మీకు చెప్పాలె. ఎవ్వరికి చెప్పక, బల్ల మీద పెట్టి, ఆయన మీదికి తోసిన. తప్పు నాది. మీరిచ్చిన పైసలు గుడివి, నేను ముట్ట. లాంతరు నాది. అంతే."

ముందు వరసలో ఒక పెద్దావిడ ముసుగు సవరించుకుని మొహం తిప్పుకుంది. పాస్టరు గారు తల దించుకున్నారు. నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు వెనక నుంచి ఇస్సాకు అన్న గొంతు వచ్చింది.

"గీ ముక్క ఆ శుక్రారమే చెప్పొద్దా అక్కా? నేను మోకాళ్ళకోసం గొంతు చించుకుంటి!"

మొదట ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత గుడి అంతా నవ్వింది. టీచరమ్మ కూడా. ఆ ముసుగావిడ మాత్రం నవ్వలేదు. చాలా కాలం టీచరమ్మతో మాట్లాడలేదు కూడా. ప్రేమతో డబ్బు కట్టినవాళ్ళకు ఆ నొప్పి ఉంటుంది, నేను కాదనను.

ఖలీల్ సాబ్ వచ్చిన రోజు టీచరమ్మ ఒక అద్దం మూల కొంచెం చిట్లి ఉందని తానే చూపించారు. ఆయన చూసి, "ఇది చెప్పకున్నా నడుస్తుండె అమ్మా," అన్నారు. "చెప్పకుంటే నాకు నడువది," అన్నారామె. దీపం ఎంత ఎత్తులో పెట్టాలో, పలకను తలకిందులుగా ఎందుకు దోపాలో చెబుతుంటే ఆయన అన్నీ తెలిసినా తెలియనట్టు విన్నారు. పెట్టె సందు మలుపు తిరిగాక ఆమె లోపలికి వచ్చి మంచం కింద ఊడ్చారు.

కొత్త గది అశోక్‌నగర్‌లో, మేడ మీద. నన్నూ వెంట రమ్మన్నారు. మొదటి రోజు సామాను దించగానే నన్ను బయట నిలబెట్టి తలుపు వేసుకున్నారు. గడియ పడిన చప్పుడు. చాలాసేపు తీయలేదు. తీసినప్పుడు మొహం కడిగినట్టుంది. "నువ్వు ఎప్పుడైనా రా బిడ్డా," అన్నారు, "కానీ తట్టి రా." ఉద్యోగం వచ్చేదాకా అక్కడే ఉన్నాను. తెల్లవారుజామున ఆమె గంట సేపు లోపల, నేను మేడ మెట్ల మీద. కొన్నేళ్ళకు ఆ గదిలోనే ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళారు.

ఆమె చేసింది సరైనదేనా అని నేను ఇప్పటికీ ఒక్కోసారి వాదించుకుంటాను. ఆ అద్దాలు ఎవరి షోకేసులో ఉన్నాయో, వాటి వెనక ఎవరైనా దీపం వెలిగిస్తున్నారో లేదో. బస్తీలో ఆ పిల్ల గొర్రె బొమ్మ చూసి ఇంకొక్కసారి ఏదో అడగవలసింది కదా అనిపిస్తుంది. ఈ వాదన తెగదు. కానీ నా ప్రార్థన మాత్రం ఆ ఆదివారం నుంచి మారిపోయింది. అంతకు ముందు నీ చిత్తం, నీ చిత్తం అంటూ ఎన్నో అందమైన మాటలు పేర్చేదాన్ని, నా చిత్తం ఏమిటో ఆయనకు కనపడకుండా. ఇప్పుడు ముందు నాదే చెబుతాను, తర్వాత ఆయనది అడుగుతాను. ఇన్నేళ్ళయినా సులువు కాలేదు. ఇవాళ ఉదయం కూడా తలుపు వేసుకుని, మోకరించి, "ప్రభువా, నాకు కావాలి," అన్నాను. ఏం కావాలో చెప్పడానికి ఇంకా చాలాసేపు పట్టింది.