కరెంటు లేని పెట్టె, తొమ్మిది టిక్కులు

నా నెత్తిన మిగిలిన పదకొండు వెంట్రుకల మీద ఒట్టు. ఇందులో కాస్త మసాలా ఉంటే ఉండొచ్చు... ఆ టిక్కులు మాత్రం నిజం.

నా ఉద్యోగం కణాలు పట్టడం. ఇరవై ఏళ్లు పరాయి దేశాల సొరంగాల్లో, ఏనుగుల మంద పట్టేంత యంత్రాలకు కాపలా కాశాను. ఇప్పుడు యాంగోన్‌లో, బోటాటౌంగ్ పేటలోని మా ఐదో అంతస్తు ఇంట్లో, ఓ చెక్కపెట్టెతో అదే పని. లోపల ఒకదాని మీద ఒకటి రెండు పలకలు. ఆకాశం నుంచి రాలే కణం రెండింటినీ దూసుకుపోతే 'టిక్'. ఒక్కదానికే తగిలితే మోగదు. మా వృత్తిలో ఒంటరి సాక్ష్యం చెల్లదు.

నన్ను పెంచిన మేనత్త తెల్లారితే పడవెక్కి నది అవతలి ట్వంటే ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. ఇక అక్కడే. ఆమెకిప్పుడు కళ్లు మసక.

"ఒరే అప్పన్నా, ఇన్నేళ్లూ ఏటి సేసినావో ఓపాలి ఇనిపించరా. ఎవరన్నా అడిగితే సెప్పుకోవద్దా?"

మీట నొక్కాను. అంతే... పేట మొత్తం కరెంటు పోయింది. నా ముక్కెక్కడుందో వేలితో తడుముకోవాల్సినంత చీకటి.

"ఆటికి కరెంటు కావాలేటి?"

"ఆటికక్కర్లేదత్తా. ఇప్పుడూ నీ నెత్తి మీంచి పోతన్నాయి. పెట్టికే కావాల."

"అయితే పెట్టికే బద్దకం!"

ఉసూరుమంటూ తీగ పీకేశాను. తీగ నా చేతిలోనే ఉంది...

టిక్.

ఊపిరి ఆగింది. నాదే.

టిక్... చాలాసేపు ఏమీ లేదు... టిక్. టిక్.

బల్లా? బల్లి అయితే ఇంత పొదుపుగా మాట్లాడదు. వానా లేదు. నా చెవే మోసం చేస్తోంది... ఒంటరి సాక్ష్యం. కిక్కురుమనకుండా వేళ్లు మడుస్తూ పోయాను. తొమ్మిది. ఆగిపోయింది.

చీకట్లోంచి అత్త గొంతు...

"తొమ్మిదిరా!"

"ఏ... ఏటి తొమ్మిది?"

"నీ టిక్కులు! నానూ లెక్కెట్టినాను."

అత్త రూపంలో రెండో పలక మోగింది! భయంతో వణకాలో, ఆనందంతో గెంతాలో తేలక రెండూ చేశాను. బల్ల తగిలి మోకాలు వాచింది. అత్త పగలబడి నవ్వింది.

అప్పుడు తట్టింది, అత్త వక్కలు కత్తిరించేటప్పుడూ టిక్కుమనే చప్పుడే. "అత్తా... నీ అడకత్తెర ఏదీ?"

"సాయంత్రమే మూటలో కట్టీసినాను. సూసుకో, దొంగోడా!"

ఫోను వెలుగులో విప్పాను. ఏడు ముళ్లు, పది చీరలు... అన్నిటికీ అడుగున, బుద్ధిగా, అడకత్తెర.

తెల్లారి పడవ కదులుతుంటే అత్త రేవంతా వినబడేలా అరిచింది: "మా అప్పన్న పనికి కరెంటు కూడా అక్కర్లేదర్రా!"

నా పుస్తకంలో ఆ రాత్రి ఇలా ఉంది: టిక్కులు తొమ్మిది. సాక్షులు ఇద్దరు. కారణం అన్నచోట 'బల్లి' అని రాశాను... కొట్టేశాను. మళ్లీ రాశాను... మళ్లీ కొట్టేశాను.